పీస్ లిల్లీ: మట్టి కుదిరితేనే మొక్క నిలుస్తుంది

నర్సరీలో తెల్లటి పూలతో నిగనిగలాడిన పీస్ లిల్లీ, ఇంటికి వచ్చిన కొద్ది నెలలకే ఆకులు వాల్చేయడం చాలా ఇళ్లలో కనిపించేదే. ఆకు వాలగానే నీరు చాలలేదనుకుని చెంబుడు నీళ్లు పోస్తారు. మరునాటికీ లేవకపోతే ఇంకో చెంబుడు పోస్తారు. వారం తిరిగేసరికి కింది ఆకులు పసుపుబారతాయి, మొదలు మెత్తబడుతుంది, మొక్క చేతికి ఊడి వస్తుంది. నీళ్లు ఎక్కువ పోయడం వల్లే చచ్చిందని అందరూ అంటారు. అది సగం నిజమే. గాలి ఆడని మట్టిలో కొలిచి పోసిన నీరు కూడా ఎక్కువే అవుతుంది. గాలి బాగా ఆడే మట్టిలో ఒకటి రెండు చెంబులు అదనంగా పోసినా మొక్కకు ఏమీ కాదు. అందుకే పీస్ లిల్లీ విషయంలో వారానికి ఎన్నిసార్లు నీళ్లు పోయాలన్న ప్రశ్న కంటే ముందు, అది ఏ మట్టిలో ఉందన్నది చూసుకోవాలి.

ఈ మొక్క స్పాతిఫిల్లమ్ ప్రజాతిది. చేమ, కంద, మనీప్లాంట్, ఆంథూరియం ఉన్న ఏరేసి కుటుంబమే దీనిదీ. ఈ ప్రజాతి మొక్కల్లో ఎక్కువ భాగం మధ్య అమెరికాలోనూ, దక్షిణ అమెరికా ఉత్తర ప్రాంతంలోనూ ఉన్న తడి అడవులవి. ఇళ్లలో పెరిగే రకాలతో బాగా ముడిపడిన స్పాతిఫిల్లమ్ వాలిసై అనే జాతికి, 19వ శతాబ్దంలో ఆ అడవుల్లో తిరిగి మొక్కలు సేకరించిన జర్మన్ దేశస్థుడు గుస్తావ్ వాలిస్ పేరు పెట్టారు. పెద్ద చెట్ల నీడన, వాగుల ఒడ్డున పెరిగే ఆ మొక్కల కింద ఉండేది పొలం మట్టి కాదు. రాలి సగం చివికిన ఆకులు, పుల్లలు, బెరడు ముక్కలు పొరలు పొరలుగా పేరుకుని ఉంటాయి. వాన తరచుగా పడుతుంది, నీరు ఆ ముక్కల సందుల్లోంచి జారిపోతుంది, ముక్కలు మాత్రం తడిగా ఉంటాయి, సందుల్లో గాలి నిలుస్తుంది. ఎప్పుడూ తేమ ఉండాలి, ఎప్పుడూ నీరు నిలవకూడదు. కుండీలో ఈ రెండింటినీ కలిపి ఇవ్వడమే అసలు పని.

వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. మట్టి సందుల్లోని ఆక్సిజన్ తీసుకుని, దానితో శక్తి తయారుచేసుకుని, నీటినీ పోషకాలనూ పైకి పంపుతుంది. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. సందులన్నీ నీటితో నిండిపోతే వేరుకు అందేది దాదాపు ఏమీ ఉండదు. పైగా మట్టిలోని సూక్ష్మజీవులు ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ వాడేసుకుంటాయి. ఊపిరాడక నీరసించిన వేరును పిథియం, ఫైటోఫ్తోరా వంటి కుళ్లు కారకాలు సులువుగా పట్టుకుంటాయి. వీటి సిద్ధబీజాలు నీటిలో ఈదుకుంటూ వెళ్లగలవు, కాబట్టి నీరు నిలిచిన కుండీ వాటికి తెరిచిన దారి. పీస్ లిల్లీని వేల సంఖ్యలో పెంచే గ్రీన్‌హౌసుల్లో సిలిండ్రోక్లాడియం అనే శిలీంధ్రం తెచ్చే వేరుకుళ్లు మరీ పెద్ద బెడద.

ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. గాజు సీసాలో, ఒట్టి నీళ్లలో పీస్ లిల్లీని నెలల తరబడి పెంచేవాళ్లున్నారు. నీళ్లలో బతికేది తడి మట్టిలో ఎందుకు చస్తుంది? నీళ్లలో కొత్తగా పుట్టే వేర్లు ఆ వాతావరణానికి తగ్గట్టుగా, లోపల గాలి గదులతో తయారవుతాయి. సీసాలోని నీటి పైభాగం గాలికి తెరిచి ఉంటుంది, నీరు మారుస్తూ ఉంటారు, అందులో చివికే పదార్థం ఉండదు. మట్టిలో పుట్టిన వేర్లకు ఆ ఏర్పాటు తక్కువ. వాటిని ఒక్కసారిగా ముంచేస్తే తట్టుకోలేవు. సీసాలోకి మార్చిన మొక్క మొదట్లో పాత వేర్లు కొన్ని పోగొట్టుకోవడం కూడా ఇందుకే.

కుండీ అడుగున చిల్లు ఉంది కదా, ఇంక నీరు ఎలా నిలుస్తుందని అనిపిస్తుంది. తడిపిన స్పాంజిని అడ్డంగా పడుకోబెడితే కారడం ఆగిపోతుంది. దాన్నే నిలువుగా పట్టుకుంటే మళ్లీ కొంత నీరు కారుతుంది. కుండీలోని మట్టి కూడా అలాగే కింది భాగంలో కొంత మందాన నీటిని పట్టుకునే ఉంటుంది. ఆ తడి పొర ఎంత మందం అన్నది మట్టి రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుంది గాని, చిల్లు ఉందా లేదా అన్నదాన్ని బట్టి మాత్రమే కాదు. రేణువులు సన్నగా ఉంటే పొర మందం పెరుగుతుంది. నాలుగంగుళాల ఎత్తు కుండీలో సన్న మట్టి నింపితే సగం వేర్లు ఎప్పుడూ ఆ తడి పొరలోనే ఉండవచ్చు. అడుగున గులకరాళ్లు, పెంకులు పరిస్తే నీరు బాగా దిగుతుందన్నది తరాలుగా చెప్పుకునే మాట. కానీ సన్న మట్టిలోని నీరు ఆ పెద్ద సందుల్లోకి తేలిగ్గా దిగదు, తడి పొర రాళ్లపైనే ఆగుతుంది. వేర్లకు ఉన్న చోటు తగ్గి, తడి ఇంకా పైకి జరుగుతుంది. చిల్లులోంచి మట్టి జారకుండా ఒక్క పెంకు ముక్క అడ్డం పెట్టుకుంటే చాలు. మిగిలిన మార్పు ఏదైనా మట్టి మొత్తంలోనే జరగాలి.

మన ప్రాంతంలో మొక్కల వ్యాపారానికి కడియం, కడియపులంక పెట్టింది పేరు. అక్కడినుంచీ, ఇతర నర్సరీలనుంచీ పాలిథిన్ సంచుల్లో వచ్చే మొక్కల్లో చాలావాటికి వేర్ల చుట్టూ బరువైన మట్టి ముద్ద ఉంటుంది. లారీ ప్రయాణంలో ముద్ద విడిపోకుండా, దారిలో నీళ్లు లేకపోయినా మొక్క వాడకుండా ఉండడానికి అది పనికొస్తుంది. అదే ముద్ద హాలు మూలలో, ఎండ తగలని చోట, పది రోజులైనా ఆరదు. ఇంకో రకం, ప్రయోగశాలలో చిన్న ముక్కనుంచి మొక్కను పెంచే టిష్యూ కల్చర్‌లో పుట్టి, కొబ్బరి పొట్టుతో చేసిన కోకోపీట్‌లో పెరిగి వచ్చిన మొక్కలు. వీటిని కుండీ మార్చేటప్పుడు వేర్ల ముద్ద నడిమధ్యలో వేళ్లతో తడిమి చూడాలి. చిన్నప్పుడు మొలకను పెట్టిన బొటనవేలంత జాలీ సంచి ఒకటి తరచుగా అక్కడే ఉండిపోతుంది. మొదలు దగ్గర ఎప్పుడూ తడి పట్టుకుని ఉండేది అదే. వేర్లు తెగకుండా కత్తెరతో ఒక పక్క కత్తిరించి, వచ్చినంత మేరకు తీసేయడం మంచిది.

ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపడం మన తోటల్లో పాతనుంచీ ఉన్న లెక్క. గులాబీకి, మందారానికి, డాబా మీద ఎండలో ఉండే ఏ కుండీకైనా అది మంచి మిశ్రమమే, ఎందుకంటే అక్కడ ఎండా గాలీ రోజూ మట్టిని ఆరబెడతాయి. గదిలో ఆ సాయం లేదు. ఎర్రమట్టి పదేపదే నీళ్లు పడేకొద్దీ అణిగి, పైన పెచ్చులా గట్టిపడుతుంది. నల్లరేగడి అయితే ఇంకా కష్టం. తడిస్తే ఉబ్బి సందులన్నీ మూసుకుంటుంది, ఆరితే కుంచించుకుని కుండీ గోడను వదిలేస్తుంది, అప్పుడు పోసిన నీరు పక్కనుంచే జారిపోతుంది. చాలాచోట్ల దాని క్షారగుణం కూడా ఎక్కువ. పీస్ లిల్లీకి సరిపడేది కాస్త ఆమ్లవైపు, ఉదజని సూచిక (పీహెచ్) 5.8 నుంచి 6.5 దాకా. బరువు మట్టిలో ఇసుక కలిపితే తేలికవుతుందనుకోవడమూ పొరపాటే. సన్న ఇసుక ఉన్న సందుల్నే పూడుస్తుంది. ముతక ఇసుకైనా సగానికి పైగా కలిపితే గాని ఫలితం కనిపించదు, అప్పుడు కుండీ ఎత్తలేనంత బరువవుతుంది.

అందుకే ఈ మొక్కకు మట్టి లేని మిశ్రమమే మేలు. దాని ఆధారం కోకోపీట్. కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టును ఎండబెట్టి ఇటుకల్లా నొక్కి అమ్ముతారు. తన బరువుకు అనేక రెట్లు నీరు పట్టుకుంటుంది. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఉప్పునీటి తావుల్లో నానిన పీచుకు సోడియం, పొటాషియం లవణాలు అంటుకుని ఉంటాయి. ఇటుకను బకెట్లో నానబెట్టి, గోనెగుడ్డలో వేసి పిండి, మళ్లీ నీళ్లు పోసి పిండాలి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే చాలావరకు పోతాయి. కోకోపీట్ కాల్షియం, మెగ్నీషియంలను తనలో పట్టేసుకుంటుంది కూడా. పీస్ లిల్లీకి మెగ్నీషియం బాగా అవసరం. ముదురు ఆకుల అంచులు పసుపుబారి, మధ్యభాగం పచ్చగా మిగిలితే ఆ లోపాన్ని అనుమానించాలి. లీటరు నీటికి ఒకటి రెండు గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి రెండు మూడు నెలలకు ఒకసారి పోస్తే సరిపోతుంది. ఇక రెండో చిక్కు, ఒట్టి కోకోపీట్‌లోనే నాటితే పైన ఎండినట్టు కనిపిస్తూ అడుగున ముద్దలా తడిసి ఉంటుంది. పైభాగం చూసి నీళ్లు పోసేవాళ్లు అక్కడే మోసపోతారు.

కాబట్టి కోకోపీట్‌లో ముక్కలు కలవాలి. కొలతలు బరువుతో కాక డబ్బాతో చూసుకుంటే, నాలుగు డబ్బాలు కడిగిన కోకోపీట్, రెండు డబ్బాలు కొబ్బరి డొక్క ముక్కలు, రెండు డబ్బాలు పెర్లైట్ (ఉబ్బించిన తేలికపాటి తెల్లటి రాతి గుళికలు), రెండు డబ్బాలు వర్మీకంపోస్టు. పెర్లైట్ దొరకకపోతే శనగగింజంత బొగ్గు ముక్కలు, లేదా ఇటుక ముక్కలు వాడవచ్చు. ఇటుక అయితే పొడిని జల్లెడ పట్టి తీసేయాలి, ఆ పొడి మళ్లీ సందుల్ని పూడుస్తుంది. వరి ఊక పల్లెల్లో ఉచితంగా దొరుకుతుంది గాని, పచ్చి ఊక చివికేటప్పుడు మొక్కకు అందాల్సిన నత్రజనిని లాక్కుంటుంది. నల్లగా కాల్చిన ఊక నయం. అది క్షారగుణం కలది కనుక పదో వంతు మించకూడదు. వర్మీకంపోస్టు బలమని నాలుగో వంతు దాటించేస్తే మిశ్రమం జిగురు పట్టి మొదటికొస్తుంది. ఇంట్లోని కుండీలో వేపపిండి దండిగా వేయడమూ మంచిది కాదు, తడికి బూజు పట్టి వాసన వస్తుంది.

మిశ్రమం కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. లీటరు పట్టే ప్లాస్టిక్ కుండీ చిల్లులను టేపుతో మూసి, మిశ్రమాన్ని అంచుదాకా నింపి, పైన నీరు మెరిసేదాకా నెమ్మదిగా నీళ్లు పోయాలి. గంటో రెండు గంటలో నానాక నీటిమట్టం తగ్గితే మళ్లీ పోయాలి. అప్పుడు కుండీని గిన్నె మీద పెట్టి టేపు ఊడదీసి, కారడం పూర్తిగా ఆగాక గిన్నెలోని నీటిని కొలవాలి. ఆ నీరు ఖాళీ చేసిన చోటే వేర్లకు మిగిలిన గాలి. 150 నుంచి 200 మిల్లీలీటర్లు వస్తే మిశ్రమంలో 15 నుంచి 20 శాతం గాలి ఉన్నట్టు, పీస్ లిల్లీకి అది హాయి. 50 మిల్లీలీటర్లే వస్తే ముక్కలు ఇంకా కలపాలి. ఎర్రమట్టితోనూ ఒకసారి ఇలా చేసి చూస్తే ఈ వ్యాసంలోని సగం మాటలు చెప్పనక్కర్లేదు.

మంచి మిశ్రమం కూడా కలకాలం అలాగే ఉండదు. కోకోపీట్, కంపోస్టు చివికి సన్నబడతాయి, కుండీలో మట్టం రెండంగుళాలు కిందికి దిగుతుంది, సందులు మూసుకుంటాయి. ఏడాదిన్నర, రెండేళ్లకు మార్చాలి. తొలకరి తర్వాత వాతావరణం చల్లబడినప్పుడు మన దగ్గర ఆ పని చేసుకుంటే మొక్క త్వరగా కోలుకుంటుంది. కొత్త కుండీ పాతదానికంటే ఒకటి రెండు అంగుళాలు మాత్రమే పెద్దదై ఉండాలి. చిన్న మొక్కకు పెద్ద తొట్టి ఇస్తే, వేర్లు చేరని మట్టిలో నీరు వాడేవాళ్లు లేక పులిసిపోతుంది. చిల్లు లేని పింగాణీ కుండీ అందంగా ఉంటుంది. దాన్ని బయటి తొడుగుగా వాడుకుని, లోపల చిల్లులున్న ప్లాస్టిక్ కుండీ పెట్టి, నీళ్లు పోశాక అడుగున చేరిన నీటిని పారబోయాలి.

నీళ్లు పోయడానికి వారాల లెక్క పనికిరాదు. మే నెలలో వడగాలి వీచే ఇంట్లో మూడు రోజులకే ఆరే కుండీ, ఆగస్టు ముసురులో పన్నెండు రోజులైనా తడిగా ఉండవచ్చు. అంగుళం లోతు వరకు వేలు పెడితే తడి తగలకపోవాలి, కుండీ ఎత్తితే తేలిగ్గా అనిపించాలి. అప్పుడు అడుగునుంచి కారేదాకా నిండుగా పోయాలి. రోజూ అరగ్లాసు చొప్పున పోసే అలవాటు మంచిది కాదు. లవణాలు ఎప్పటికీ కొట్టుకుపోక లోపలే పేరుకుంటాయి.

ఆకు వాలితే చేయి ముందు చెంబు మీదికి కాక కుండీ మీదికి వెళ్లాలి. కుండీ తేలిగ్గా ఉండి ఆకు వాలితే అది దాహం. నీళ్లు పోసిన కొద్ది గంటల్లో మొక్క నిలబడుతుంది. కుండీ బరువుగా ఉండి ఆకు వాలితే వేరు పనిచేయడం లేదన్నమాట, ఇంకో చుక్క కూడా పోయకూడదు. అనుమానం తీరాలంటే మొక్కను కుండీనుంచి మెల్లగా జార్చి చూడడమే. బాగున్న వేర్లు తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటాయి. కుళ్లిన వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడి వచ్చి, లోపలి సన్నని దారం మిగులుతుంది. మురుగు వాసన కూడా వస్తుంది.

ఆకుల కొసలు గోధుమరంగులో ఎండడం ఇంకో సాధారణ ఫిర్యాదు. గాలిలో తేమ తక్కువ కావడం ఒక కారణమే గాని, బోరు నీరు వాడే తెలుగు పట్టణాల్లో ముందు అనుమానించాల్సింది నీటిలోని లవణాలను. కుండీ అంచున, మట్టిపైన తెల్లటి పొర కనిపిస్తే సందేహమే అక్కర్లేదు. నీటిని రాత్రంతా బకెట్లో ఉంచి పోస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. అలా ఉంచితే క్లోరిన్ కొంత పోతుంది, లవణాలు ఎక్కడికీ పోవు. నీటిని పొదుపు చేయాలన్న మంచి ఉద్దేశంతో ఆర్వో యంత్రం వదిలేసే నీటిని మొక్కలకు పోసే ఇళ్లు చాలానే ఉన్నాయి. మూడు లీటర్ల నీటిలో ఒక లీటరు మంచినీరుగా వస్తే, మిగిలిన రెండు లీటర్లలో లవణాల గాఢత దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఇల్లు కడగడానికి ఆ నీరు భేషుగ్గా పనికొస్తుంది, పీస్ లిల్లీకి మాత్రం వద్దు. వాన నీరు, ఏసీనుంచి కారే నీరు దీనికి బాగా పడతాయి. బోరు నీరు తప్ప గత్యంతరం లేనప్పుడు నెలకోసారి కుండీ పరిమాణానికి రెండింతలు నీరు ఒకేసారి పోసి లవణాలను కడిగేయాలి. మిశ్రమం గాలి ఆడేదైతేనే ఈ కడగడం సాధ్యం. బరువు మట్టిలో చేస్తే మొక్క మునుగుతుంది.

ఎరువు కొంచెమే చాలు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 వంటి నీటిలో కరిగే ఎరువును లీటరుకు అర గ్రాము చొప్పున, మొక్క పెరిగే నెలల్లో మాసానికి ఒకసారి ఇస్తే సరి. పిండినల్లి పడితే తడిగుడ్డతో తుడిచి, వేపనూనె కలిపిన సబ్బు నీళ్లు చల్లాలి.

నీడలో పెరుగుతుందన్న పేరు ఈ మొక్కకు కొంత చేటే చేసింది. నీడలో బతుకుతుంది, నిజమే. పూయడానికి మాత్రం వెలుతురు కావాలి. తూర్పు కిటికీ పక్కన, నేరుగా ఎండ తగలని చోట, చేయి అడ్డం పెడితే మసకగానైనా నీడ పడేంత వెలుగు ఉండాలి. చీకటి మూలలో మొక్క నీరు వాడడం కూడా తగ్గుతుంది, కాబట్టి అదే మట్టి అక్కడ ఇంకా ఎక్కువ రోజులు తడిగా ఉంటుంది. కొన్నప్పుడు విరగబూసి తర్వాత ఏడాదిపాటు పూయకపోతే మొక్కలో లోపమని అనుకోనక్కర్లేదు. అమ్మకానికి సిద్ధం చేసేటప్పుడు జిబ్బెరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోను చల్లి పూయించడం ఈ వ్యాపారంలో మామూలే. ఆ ప్రభావం తగ్గాక మొక్క తన పద్ధతిలో పూయడానికి సమయం పడుతుంది. వెచ్చదనం 18 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే సుఖంగా ఉంటుంది. ఆదిలాబాద్ వైపు చలికాలపు రాత్రుల్లో బాల్కనీనుంచి లోపలికి తేవాలి. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు శీతకాలంలో చల్లటి కిటికీ అద్దానికీ, హీటరు గాలి వచ్చే రంధ్రానికీ రెండింటికీ దూరంగా పెట్టుకోవాలి.

గాలిని శుద్ధి చేస్తుందని నమ్మి దీన్ని కొనేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ పేరు 1989 నాటి నాసా అధ్యయనంతో వచ్చింది. అది మూసిన చిన్న గదిపెట్టెల్లో చేసిన ప్రయోగం. 2019లో అంతకుముందరి ప్రయోగాలను సమీక్షించిన పరిశోధకులు, మామూలు ఇంట్లో గాలి మారే వేగంతో పోటీ పడాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని లెక్కగట్టారు. కిటికీ తెరవడం అంతకంటే మంచి మార్గం. పిల్లలున్న ఇంట్లో, పిల్లి, కుక్క ఉన్న ఇంట్లో దీన్ని అందనంత ఎత్తున పెట్టాలి. పచ్చి చేమదుంప దురదపుట్టించడానికి కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులే దీని ఆకుల్లోనూ ఉన్నాయి. నమిలితే నోరు మండి, చొంగ కారుతుంది.

వేరు కుళ్లిన మొక్కను పారేయాల్సిన పనిలేదు, మొదలు గట్టిగా ఉంటే చాలు. పాత మట్టినంతా నీళ్లతో కడిగి, మెత్తబడిన వేర్లను శుభ్రమైన కత్తెరతో గట్టి భాగం దాకా కత్తిరించాలి. పసుపుబారిన ఆకులను, పూలను తీసేస్తే మిగిలిన కొద్ది వేర్ల మీద భారం తగ్గుతుంది. ఆ వేర్లకు సరిపోయేంత చిన్న కుండీ తీసుకుని, తాజా మిశ్రమంలో, మొదలు పాత లోతుకు మించి పూడ్చకుండా నాటాలి. మొదటిసారి తడిపాక పై అంగుళం ఆరేదాకా మళ్లీ నీళ్లు పోయకుండా, వెలుతురున్న నీడలో ఉంచాలి. కొన్ని వారాలకు నడుమనుంచి చుట్టచుట్టుకున్న లేత ఆకు ఒకటి బయటికి వస్తే వేర్లు పట్టినట్టే. అంతవరకు ఎరువు వేయకూడదు.